గ్రానైట్ క్వారీల పక్క ఊళ్లో ఇంటి పన్ను ఆపివేయడం న్యాయమేనా?

ప్రశ్న: చీమకుర్తి మండలవాసి

పెద్దలందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి మండలంలో, రామతీర్థానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పంచాయతీ. గెలాక్సీ గ్రానైట్ పేరుతో ఓడలెక్కి విదేశాలకు పోయే నల్లరాయి మా చుట్టుపక్కల పొలాల కిందనే దొరుకుతుంది. మా తాతల కాలంలో మెట్ట పైరు వేసిన చేలు ఇప్పుడు అడుగు కనిపించని గోతులయ్యాయి. వాటి పక్కనే పనికిరాని రాయిని పోసిన డంపులు ఏటేటా పెరుగుతూ ఊరి దాకా వచ్చాయి.

ఈ నెలలో పంచాయతీ నుంచి మా ఇంటికి డిమాండు నోటీసు వచ్చింది. ఇంటి పన్ను, దాని మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను, వీధి దీపాల పన్ను, కుళాయి రుసుము, పాత బకాయి అని వరుసగా రాసి, కింద మొత్తం వేశారు. అది కట్టలేనంత పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ కాగితం పట్టుకుని గడపలో నిలబడితే ఎదురుగా కనిపించే రోడ్డు సంగతి చెప్పాలి. ఎర్ర రంగుతో నంబర్లు వేసిన బ్లాకులను గొలుసులతో బిగించుకుని లారీలు పగలూ రాత్రీ ఈ దారినే పోతాయి. తారు లేచిపోయి కంకర బయటపడింది. వానాకాలంలో ఏ గుంత ఎంత లోతో తెలియక, పోయిన ఏడాది 108 వాహనం మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోతే, నొప్పులు పడుతున్న మా వీధి అమ్మాయిని ఆటోలో అక్కడి దాకా చేర్చవలసి వచ్చింది. క్వారీ వాళ్లను అడిగితే, తాము ప్రభుత్వానికి కట్టవలసినదంతా కట్టామనీ, రోడ్డు తమది కాదనీ అంటున్నారు. పంచాయతీని అడిగితే నిధులు లేవంటున్నారు.

అందువల్ల మా ఊరి యువకులు రోడ్డు పడేదాకా ఎవరూ ఇంటి పన్ను కట్టకూడదని మాట అనుకున్నారు. వారి కోపం నాకు అన్యాయంగా తోచడం లేదు. ఫోను రీచార్జి చేసినా, సిమెంటు బస్తా కొన్నా పద్దెనిమిది శాతం జీఎస్టీ కడుతున్నాము. బండిలో పెట్రోలు పోయిస్తే వ్యాటుతో పాటు, 2020 సెప్టెంబరు నుంచి లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు సెస్సు కూడా కడుతున్నాము. కూలివాడు కూడా తప్పించుకోలేని పన్నులివి. పెద్ద కంపెనీలకు మాత్రం రాయితీల మీద రాయితీలు దొరుకుతున్నాయన్నది మా అందరి నమ్మకం. నేను తెలుసుకోగోరేది రెండు విషయాలు. ఇంటి పన్ను ఆపడం చట్టం దృష్టిలో, న్యాయం దృష్టిలో సరైనదేనా? మా నేల లోంచి తీసిన రాయి మీద వచ్చే డబ్బు చివరికి ఎక్కడికి చేరుతోంది?

జవాబు: విశ్రాంత ఈఓపీఆర్డీ (మండల స్థాయి పంచాయతీ విస్తరణ అధికారి), ఒంగోలు

ఉద్యోగ జీవితమంతా పంచాయతీల లెక్కలతోనే గడిపినవాడిని కాబట్టి, నాకు రూఢిగా తెలిసినంత వరకు చెబుతాను. మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగా ఉంది. పన్నుకు, రుసుముకు చట్టంలో తేడా ఉంది. రుసుము ఫలానా సేవకు బదులుగా కట్టేది. పన్నుకు అలాంటి షరతు లేదు. సేవ అందలేదన్న కారణం చూపి ఇంటి పన్ను నిలిపివేసే హక్కు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఎవరికీ ఇవ్వలేదు. బకాయిని వసూలు చేసుకునే అధికారాన్ని మాత్రం పంచాయతీకి ఇచ్చింది.

న్యాయం సంగతి అంతకంటే ముఖ్యమైనది. మీరు కట్టే పన్నులలో ఊరు దాటి పోనివాటిలో ముఖ్యమైనది ఇదే. జీఎస్టీ కేంద్రానికి, రాష్ట్రానికి పోతుంది. వ్యాటు రాష్ట్ర ఖజానాలో పడుతుంది. ఇంటి పన్ను మాత్రం మీ పంచాయతీ నిధిలోనే జమ అవుతుంది. దాన్ని ఆపితే మొదట ఆగేది చెత్త ఎత్తే కార్మికుడి జీతం, ఆ తర్వాత కాలిపోయిన బోరు మోటారు మరమ్మతు. క్వారీ యజమానికి దానివల్ల రూపాయి నష్టం కూడా లేదు. నిధులు లేవని పంచాయతీ వారు చెప్పే మాట కూడా చాలా చోట్ల నిజమే. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలన్నారు. మిగిలిన కొద్దిపాటి డబ్బును కూడా విద్యుత్ బకాయిల కింద జమకట్టుకున్నారని 2021 తర్వాత మన రాష్ట్రంలో సర్పంచులు రోడ్డెక్కిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక రాయి డబ్బు. గ్రానైటు చిన్న తరహా ఖనిజాల కిందికి వస్తుంది కాబట్టి దాని మీద సీనరేజీ, అంటే రాయి తవ్వుకున్నందుకు కట్టే రాయల్టీ, రాష్ట్ర ప్రభుత్వానిది. మన రాష్ట్రంలో ఆ సీనరేజీ మీద అదనంగా ముప్పై శాతం జిల్లా ఖనిజ నిధికి, అంటే అందరూ డీఎంఎఫ్ అని పిలిచే నిధికి, లీజుదారు కట్టాలి. 2015లో గనుల చట్టానికి చేర్చిన 9బి సెక్షను ప్రకారం ఈ నిధి ఉన్నది గనుల వల్ల దెబ్బతిన్న మనుషుల కోసం, ప్రాంతాల కోసం. జిల్లాలో ఆ నిధికి కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. తాగునీరు, వైద్యం, విద్య, కాలుష్య నివారణ వంటి వాటికి మొదట్లో కనీసం అరవై శాతం ఖర్చు చేయాలన్నారు. 2024 జనవరి మార్గదర్శకాలలో దాన్ని డెబ్బై శాతానికి పెంచారు. రోడ్లు, వంతెనలు మిగిలిన భాగంలోకి వస్తాయి. కాబట్టి మీరు రోడ్డు ఒక్కటే అడిగితే చిన్న వాటా కోసం పదిమందితో పోటీ పడవలసి వస్తుంది. దుమ్ము వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధులకు వైద్య శిబిరం, పగిలిన తాగునీటి గొట్టం కూడా కలిపి అడిగితే పెద్ద వాటా మీద మీకు హక్కు ఉంటుంది.

కట్టవలసినదంతా కట్టామని క్వారీ వారు అంటున్నారు కదా, దానికి కూడా ఒక జవాబుంది. 2024 జూలై 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా, రాయల్టీ అనేది పన్ను కాదని తీర్పు చెప్పింది. అంటే నేలలోని రాయిని తీసుకున్నందుకు దాని సొంతదారుకు ఇచ్చే ప్రతిఫలం అది. కొట్లో సరుకు కొని వెల చెల్లించినవాడు ఊరికి ఉపకారం చేశానని చెప్పుకోడు. రాయికి వెల కట్టినంత మాత్రాన రోడ్డు విరగ్గొట్టినందుకు పరిహారం కట్టినట్టు కాదు.

జవాబు: గుండ్లాపల్లి పాలిషింగ్ యూనిట్ యజమాని

పెద్దాయన చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ఈ చర్చలో గ్రానైటు వ్యాపారులందరినీ ఒకే గాటన కట్టడం నాకు బాధ కలిగించింది. నేను మద్దిపాడు మండలం గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో ఇద్దరు బంధువులతో కలిసి చిన్న కటింగ్, పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. మాది భాగస్వామ్య సంస్థ. మా లాభం మీద ఆదాయపు పన్ను ముప్పై శాతం, దాని మీద సెస్సు. 2019 సెప్టెంబరులో కేంద్రం కార్పొరేటు పన్ను తగ్గించినప్పుడు, ఇతర మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు మూల రేటు ఇరవై రెండు శాతమైంది. సర్‌చార్జి, సెస్సు కలుపుకున్నా 25.17 శాతమే. కొత్తగా ఉత్పత్తి మొదలుపెట్టే తయారీ కంపెనీలకు పదిహేను శాతమన్నారు. వేల కోట్ల టర్నోవరు ఉన్న కంపెనీ కంటే మా మూడు కుటుంబాల యూనిట్ ఎక్కువ రేటు కడుతోందంటే, పెద్ద వ్యాపారం మీద అపనమ్మకం ఊళ్లోవాళ్లకే కాదు, మాకూ ఉంటుంది.

కరెంటు సంగతి చూడండి. పరిశ్రమలు కట్టే విద్యుత్ సుంకం యూనిట్‌కు ఆరు పైసలుండేది. 2022లో దాన్ని ఒక్కసారిగా రూపాయి చేశారు. రాయి కోసే మిషను రాత్రంతా తిరిగితేనే మాకు గిట్టుబాటు. ఆ సుంకం పెరిగిన తర్వాత మా పక్క షెడ్లలో కొందరు ఒక షిఫ్టు మానేశారు.

ఇంకొక మాట కూడా ఇక్కడివారికి తెలియాలి. పారిశ్రామిక వాడలో ఉన్న మేము ఆస్తి పన్ను పక్క పంచాయతీకి కట్టము. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద ఉండే స్థానిక అథారిటీకి, మేము ఐలా అనే దానికి, కడతాము. అందులో కొంత వాటా పంచాయతీకి చేరాలి. అది ఎప్పుడు చేరుతోంది, ఎంత చేరుతోంది అని ఆ ఊరి జనం అడగగా నేను వినలేదు. మా లారీల దుమ్ము తినేది ఆ ఊరే.

ఇక రోడ్లు పాడు కావడానికి అసలు కారణం ఓవర్‌లోడు. పర్మిట్‌లో చూపిన కొలత ఒకటి, లారీ మీదికెక్కిన బ్లాకు మరొకటి అయితే సీనరేజీ పోతుంది, డీఎంఎఫ్ పోతుంది, రోడ్డూ పోతుంది. సక్రమంగా పర్మిట్ తీసుకున్నవాడు ఆ ధరకు రాయి అమ్మలేక వెనకబడిపోతాడు. కొన్ని జిల్లాల్లో సీనరేజీ వసూలునే ప్రైవేటు కాంట్రాక్టు సంస్థలకు అప్పగించారు. ప్రభుత్వానికి రావలసిన సొమ్మును లాభం కోసం పనిచేసే మరొకరి చేత వసూలు చేయించడం నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి.

జవాబు: ఉపాధ్యాయురాలు, ముత్తుకూరు మండలం

మీ ప్రశ్న చదువుతుంటే మా నెల్లూరు తీరం కళ్లముందు మెదిలింది. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. అంతకు ముందు భూములిచ్చినప్పుడు, ఉప్పుటేరు మీద వేట వదులుకున్నప్పుడు మా ప్రాంతం వారు విన్న మాటలు ఇప్పుడు ఎవరికీ చెప్పుకునేవి కావు. పోర్టును నిర్మించిన సంస్థ నుంచి 2020లో డెబ్బై ఐదు శాతం, మరుసటి ఏడాది మిగిలినది అదానీ సంస్థ కొనుగోలు చేసింది. యాజమాన్యం మారింది గానీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం మారలేదు. ఆ ఒప్పందం ప్రకారం మొదటి ముప్పై ఏళ్లు పోర్టు స్థూల ఆదాయంలో రాష్ట్రానికి దక్కేది 2.6 శాతం. నూటికి రెండు రూపాయల అరవై పైసలు రాష్ట్రానికి. అందులోంచి తీరంలో ఉన్న మా పంచాయతీలకు ఎంత రావాలో చెప్పే నిబంధన నాకు ఎక్కడా కనిపించలేదు. జీవనోపాధి కోల్పోయిన మత్స్యకారేతర కుటుంబాలకు ఇస్తామన్న ప్యాకేజీ 2022లో గాని చేతికి అందలేదు. భూములిచ్చిన నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవారు అప్పటికి పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకున్నారు.

నేను పన్ను ఎగవేతను సమర్థించను. మా బడికి ప్రహరీ గోడ కట్టింది ప్రజల డబ్బుతోనే. అయినా ఈఓపీఆర్డీ గారిని ఒక విషయం అడగాలని ఉంది. నిధి ఉంది, నిబంధన ఉంది, అధ్యక్షులుగా కలెక్టరు గారు ఉన్నారు. అయినా డబ్బు గనుల పక్క ఊరికి కాకుండా జిల్లా కేంద్రంలోని భవనాలకు, ఎక్కడో దూరపు పనులకు పోతే ఆపేది ఎవరు? నేను ఇలాంటి ఒక నిధి గురించి సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయాన్ని అడిగాను. మొదట మొత్తం అంకె ఒక్కటే రాసి పంపారు. మొదటి అప్పీలు వేసిన తర్వాత గాని పనుల జాబితా రాలేదు. అందులో మా మండలం పేరు రెండు వరుసల్లో మాత్రమే కనిపించింది. ఆ కాగితం పట్టుకుని నేను గ్రామసభలో లేచి నిలబడితే, ఆ రోజు వరకు నోరు మెదపని ఆడవాళ్లు కూడా ప్రశ్నలు వేశారు. ఆ తర్వాత మా వీధిలో నీళ్ల ట్యాంకు మరమ్మతు జరిగింది. దుమ్ము మాత్రం తగ్గలేదు.

జవాబు: పన్ను సలహాదారు, నెల్లూరు

లెక్కలకు సంబంధించి రెండు మూడు సవరణలు చేయాలి. గుండ్లాపల్లి మిత్రులు చెప్పిన రేట్లు సరైనవే. కానీ భాగస్వాములు తమకు తాము ఇచ్చుకునే జీతాన్ని, పెట్టుబడి మీద వడ్డీని పరిమితుల మేరకు లాభంలోంచి తీసివేసిన తర్వాతే ఆ ముప్పై శాతం పడుతుంది. కాబట్టి రెండు రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చినంత మాత్రాన అసలు భారం తేలదు. ఆ సవరణ చేసినా ఆయన బాధ తప్పని నేను అనను. 2019 తగ్గింపు వల్ల ఏడాదికి లక్షా నలభై అయిదు వేల కోట్ల ఆదాయం తగ్గుతుందని ప్రకటించింది సాక్షాత్తూ ఆర్థిక శాఖే. 2023-24లో కేంద్రానికి కంపెనీల పన్ను రూపంలో సుమారు 9.11 లక్షల కోట్లు వస్తే, వ్యక్తుల ఆదాయపు పన్ను రూపంలో సుమారు 10.45 లక్షల కోట్లు వచ్చింది. జీతగాడు, చిన్న వ్యాపారి కలిసి కంపెనీలన్నిటి కంటే ఎక్కువ కడుతున్నారన్నమాట. దానికి తోడు సెస్సుల రూపంలో కేంద్రం వసూలు చేసేది రాష్ట్రాలతో పంచుకోవలసిన పని లేదు. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి ఇమ్మన్న 41 శాతంలో సెస్సులు, సర్‌చార్జీలు లెక్కలోకి రావు. ప్రశ్న అడిగినవారి నమ్మకానికి ఇంతవరకు గట్టి ఆధారం ఉంది.

అయితే బ్యాంకులు పెద్దల అప్పులు రద్దు చేశాయని మన వైపు టీ కొట్ల దగ్గర తరచుగా వినిపించే మాటను ఈ వాదనలో కలపకండి. పద్దుల్లోంచి తొలగించడం వేరు, మాఫీ చేయడం వేరు. తొలగించిన అప్పును వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు అలాగే ఉంటుంది. ఆ వసూలు ఎంత మందకొడిగా సాగుతోందో అడగండి. అది బలమైన ప్రశ్న. మాఫీ అన్నారంటే మాత్రం ఎదుటివాడు మీ మాటలన్నీ ఆ ఒక్క పొరపాటు చూపి కొట్టిపారేస్తాడు.

క్వారీ లీజు ఎవరి పేరున ఉందో కూడా తెలుసుకోండి. అది కంపెనీ అయి, ఏడాదికి నికర లాభం అయిదు కోట్లు దాటితే, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అందులో తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. లీజు వ్యక్తి పేరున గాని, భాగస్వామ్య సంస్థ పేరున గాని ఉంటే ఈ సెక్షను వర్తించదు. మన జిల్లాల్లో అలాంటి లీజులు చాలా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: చీమకుర్తి మండలవాసి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను నిన్న రాత్రి రామాలయం దగ్గర మా వాళ్లకు చదివి వినిపించాను. ఇంటి పన్ను బయటికి పోదన్న విషయం చాలామందికి తెలియదు. చెత్త ఎత్తే ఆయన కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. తనకు నెలల తరబడి జీతం రాలేదని ఆయన చెప్పిన తర్వాత, పన్ను ఆపుదామన్న వాళ్లలో ఎక్కువమంది మెత్తబడ్డారు. ఇద్దరు యువకులు మాత్రం ఒప్పుకోలేదు. మనం కడుతూ పోతే వాళ్లకు మన అవసరం ఏముంటుందని వారి వాదన. టీచరమ్మ గారి అనుభవం వింటే ఆ వాదనను తోసిపుచ్చడం నాకూ కష్టంగానే ఉంది. ప్రస్తుతానికి ఈ ఏడాది పన్ను అందరం ఒకే రోజు వెళ్లి కట్టి, రసీదులు తీసుకుని, ఆ రోజే డీఎంఎఫ్ నిధుల వివరాలు, మా రోడ్డు మీద తిరిగే లారీల పర్మిట్ల వివరాలు అడుగుతూ దరఖాస్తులు పెట్టాలని అనుకున్నాము. దరఖాస్తు ఎవరికి పెట్టాలో, ఏమని రాయాలో చెప్పండి.

జవాబు: విశ్రాంత ఈఓపీఆర్డీ, ఒంగోలు

టీచరు గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పాలక మండలిలో గనుల పక్క ఊళ్ల వారి గొంతు బలంగా లేనంత కాలం ఆ డబ్బు పెద్దవాళ్ల మాట ప్రకారమే నడుస్తుంది. అది సర్వీసులో ఉన్నప్పుడు నేను కళ్లారా చూసిన విషయమే.

దరఖాస్తు జిల్లా గనుల శాఖ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి రాయండి. జిల్లా స్థాయిలో రుసుము పది రూపాయలు, మండల స్థాయిలో అయిదు, పంచాయతీలో అడిగితే రుసుము లేదు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. ఎంత నిధి వచ్చింది అని అడిగితే టీచరు గారికి వచ్చినట్టే ఒక అంకె వస్తుంది. గత అయిదేళ్లలో మీ మండలం నుంచి డీఎంఎఫ్‌కు జమ అయినదెంత, మీ మండలంలో మంజూరైన పనులేవి, ఒక్కొక్క పని ఏ ఊళ్లో, అంచనా ఎంత, చెల్లించినదెంత అని విడివిడిగా అడగండి. రోడ్డు పని ఏదైనా చేసినట్టు జాబితాలో కనిపిస్తే ఆ పని ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు కూడా కావాలని సంబంధిత ఇంజనీరింగ్ కార్యాలయంలో మరో దరఖాస్తు పెట్టండి. పొడవు, వెడల్పు, మందం అందులో రాసి ఉంటాయి. టేపు పట్టుకుని మీరే కొలుచుకోవచ్చు. పంచాయతీలో మాత్రం ఇంటి పన్ను డిమాండు ఎంత, వసూలు ఎంత, సీనరేజీ వాటా కింద ఏమైనా జమ అయిందా అన్న మూడు విషయాలు చాలు. రాసిన కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, పంపే ముందు ఒకసారి చూసి చెబుతాను.